రోకే కొండ మీద ఒక వారం: నీలి సూపర్‌జెయింట్ల లిస్టు పట్టుకుని

ఆదివారం

లా పాల్మా ఎయిర్‌పోర్ట్ సముద్రాన్ని ఆనుకునే ఉంటుంది, విమానం నీళ్లలోకి దిగుతోందేమో అనిపించేంత దగ్గరగా. అక్కడ కారెక్కితే కొండ మీద అబ్జర్వేటరీకి గంటా గంటంపావు, ఆ కాస్త టైమ్‌లోనే సముద్ర మట్టం నుంచి 2400 మీటర్ల దగ్గరికి ఎక్కేస్తాం. కాబట్టి చెవులు దిబ్బళ్లు వెయ్యడం, మలుపుల్లో కడుపులో తిప్పడం అన్నీ ఫ్రీ. ముందు లారెల్ చెట్ల తడి అడవి, తర్వాత పైన్ చెట్లు, మధ్యలో మేఘంలోకి దూరాం, వైపర్లు వేసినా ముందున్న రోడ్డు కనపడలేదు. ఇంకొంచెం పైకి పోయేసరికి ఎవరో పరదా లాగేసినట్టు ఎండ, నీలం ఆకాశం, ఆ మేఘాలన్నీ కాళ్ల కింద!

ఈ దీవిలో టెలిస్కోపులు కట్టడానికి కారణం కూడా ఈ మేఘాలే. అట్లాంటిక్ మీంచి చల్లటి గాలి వీస్తుంది, దాని మీద వేడిగాలి పొర మూతలా కూర్చుంటుంది, తేమంతా ఆ మూత కిందే ఇరుక్కుపోయి వెయ్యీ పదిహేనొందల మీటర్ల ఎత్తులో ఆగిపోతుంది. పైనున్న కొండకి పొడి గాలి, పెద్దగా కదలని గాలి మిగులుతుంది. కింద ఊళ్ల లైట్లని కూడా మేఘమే కప్పేస్తుంది. దానికి తోడు 1988లో స్పెయిన్ చేసిన ఆకాశ రక్షణ చట్టం ఒకటి ఉంది, వీధి దీపాలు పైకి వెలుగు చిమ్మకూడదు, రేడియో తరంగాలకీ విమాన మార్గాలకీ కూడా కట్టుబాట్లు ఉన్నాయి.

రోకే దె లోస్ ముచాచోస్ అని ఈ శిఖరం పేరు. చుట్టూ తెల్ల డోములు. 10.4 మీటర్ల గ్రాన్ టెలిస్కోపియో కనారియాస్, 4.2 మీటర్ల విలియం హెర్షెల్, 1967లో ఇంగ్లాండ్‌లో మొదలుపెట్టి అక్కడి మబ్బులకి విసిగిపోయి ఇక్కడికి మార్చుకున్న ఐజాక్ న్యూటన్. మాకు దొరికింది 2.56 మీటర్ల నార్డిక్ ఆప్టికల్ టెలిస్కోప్, అందరూ నాట్ అంటారు. పక్కన పెద్దన్నలని చూస్తే చిన్నదే కానీ మా పనికి ఇదే కరెక్ట్. మాకు కావాల్సిన చుక్కలు మరీ మసకవేం కాదు, మాకు కావాల్సింది నాణ్యత, ఒకే పరికరంతో ఒకే పద్ధతిలో తీసిన స్పెక్ట్రమ్‌లు, అంటే నక్షత్రం వెలుగుని రంగులుగా విడదీసిన పట్టీలు.

పనేంటో చెప్తా. బ్లూ సూపర్‌జెయింట్లంటే పుట్టినప్పుడే సూర్యుడికి పది, ఇరవై, నలభై రెట్లు బరువున్న నక్షత్రాలు, వయసు ముదిరి ఉబ్బిన దశలో ఉన్నవి. ఉపరితలం వేడి పది వేల నుంచి ముప్పై వేల డిగ్రీల దాకా, వెలుగు సూర్యుడికి పదివేల రెట్ల నుంచి లక్షల రెట్ల దాకా. ఇవి చాలా అరుదు, కానీ అంత వెలుగు కాబట్టి ఎంత దూరం నుంచైనా కనిపిస్తాయి. పాత కేటలాగుల్లో వీటి పేర్లు ఎప్పట్నుంచో ఉన్నాయి కానీ వాటి టైపులు (వేడిని బట్టి పెట్టే గుర్తులు: ఓ అన్నిటికన్నా వేడివి, తర్వాత బి, ఏ; పక్కన అంకె పెరిగితే చల్లన) ఒక్కొక్కళ్లు ఒక్కో కాలంలో ఒక్కో ఫోటో ప్లేట్ చూసి రాసినవి, ఒకరి బి1 ఇంకొకరికి బి0.5. వాటిని కలిపి గ్రాఫ్ గీస్తే ఏది నక్షత్రం గుణమో ఏది రాసినవాడి అలవాటో తేలదు. అందుకే మళ్లీ అన్నిటినీ ఒకే స్పెక్ట్రోగ్రాఫ్‌తో చూడటం. ఈ కొండ మీద ఐకాబ్ అనే ప్రాజెక్ట్ ఏళ్ల తరబడి చేస్తున్నది ఇదే, నాట్ మీదా, పక్కనున్న 1.2 మీటర్ల మెర్కేటర్ మీదా. మాది అదే దారిలో చిన్న ముక్క.

నాతో ఒక పీహెచ్‌డీ కుర్రాడు వచ్చాడు, మనవాడే, మొదటిసారి కొండెక్కాడు. ఫోన్లో ఫోటోలు తీసీ తీసీ అలిసిపోయి రెసిడెన్సియాలో ఎనిమిదింటికే నిద్రపోయాడు. అబ్జర్వర్ల కోసం కట్టిన హాస్టల్ లాంటిది అది, కిటికీలకి మందపాటి నల్ల పరదాలు, పగలంతా కారిడార్‌లో గట్టిగా మాట్లాడకూడదు ఎందుకంటే సగం మంది నిద్రలో ఉంటారు. నేను రాత్రి రెండింటి దాకా బలవంతంగా మేలుకున్నా, రేపటికి ఒళ్లు అలవాటు పడాలి కదా.

సోమవారం

మధ్యాహ్నం నాలుగింటికే కేలిబ్రేషన్లు మొదలు. బయాస్, ఫ్లాట్ (డిటెక్టర్ సొంత లోపాలు కొలిచే ఫ్రేములు), ఆ తర్వాత థోరియం-ఆర్గాన్ దీపం. ఈ దీపం గురించి ఎవరూ రాయరు కానీ అసలు ఇదే లేకపోతే మొత్తం పని గాలిలో మేడ. థోరియం ఆవిరి కచ్చితమైన రంగుల్లో సన్నటి గీతలు ఇస్తుంది, ఆ గీతల తరంగదైర్ఘ్యాలు ల్యాబ్‌లో ముందే కొలిచి పెట్టారు, కాబట్టి డిటెక్టర్ మీద ఏ పిక్సెల్ ఏ తరంగదైర్ఘ్యమో దీంతో తెలుస్తుంది. నక్షత్రం మన వైపు సెకనుకి ఎన్ని కిలోమీటర్ల వేగంతో వస్తోందో చెప్పాలంటే ఇంత కచ్చితత్వం కావాలి. దాంట్లోంచి భూమి సూర్యుడి చుట్టూ తిరిగే 30 కిలోమీటర్ల వేగం ప్రభావం కూడా తీసెయ్యాలి మళ్లీ.

స్పెక్ట్రోగ్రాఫ్ పేరు ఫియెస్. అది టెలిస్కోప్ దగ్గర ఉండదు, పక్కన విడిగా ఒక గదిలో, వేడీ చలీ తగలకుండా దట్టంగా కప్పేసి ఉంటుంది. నక్షత్రం వెలుగు ఆప్టికల్ ఫైబర్‌లో ప్రయాణించి అక్కడికి చేరుతుంది. మావాడు లోపలికెళ్లి చూడొచ్చా అన్నాడు. వద్దు, మనిషి ఒంటి వేడికే లోపలి టెంపరేచర్ చెదిరిపోతుంది అని అక్కడి స్టాఫ్ ఆస్ట్రానమర్ నవ్వుతూ చెప్పారు.

సూర్యుడు ఆరుంపావుకి మునిగాడు. ఇంకా చీకటి పడకముందే హంస రాశిలో డెనెబ్ మీద పెట్టాం, అది ఏ2 టైపు కాబట్టి మా లిస్టులోది కాదు, మాకు ఓ9 నుంచి బి9 దాకానే కావాలి, కానీ ఫోకస్, ఫైబర్, గైడింగ్ అన్నీ సరిగా ఉన్నాయా చూసుకోడానికి అంత వెలుగున్న చుక్క ఉంటే హాయి. తెర మీద ఫ్రేమ్ వచ్చింది. ఎషెల్ స్పెక్ట్రమ్‌ని మొదటిసారి చూసేవాళ్లు ఇంద్రధనుస్సు వస్తుందనుకుంటారు, కానీ వచ్చేది నలుపు తెలుపులో కొద్దిగా వంగిన చారలు, ఒకదాని కింద ఒకటి డజన్లకొద్దీ. వాటిలో అక్కడక్కడా నల్లటి కోతలు, మాకు కావాల్సింది ఆ కోతలే, వాటినే గీతలంటాం.

తర్వాత అదే హంస రాశిలో పీ సిగ్ని అనే నక్షత్రం. 1600లో ఉన్నట్టుండి కొత్త నక్షత్రంలా వెలిగి జనం కళ్లబడింది, నిజానికి అది సూపర్‌నోవా కాదు, ఒంటి పైపొరలు విదిల్చేసింది అంతే. దీని హైడ్రోజన్ గీతలు చూస్తే ఒక పక్క పెద్ద ఎమిషన్ (కోతకి బదులు వెలుగు ఎక్కువగా రావడం) శిఖరం, దాని నీలం వైపు అంచున లోతైన గొయ్యి. నక్షత్రం చుట్టూ అన్ని దిక్కులా గాలి వీస్తోంది, మన వైపు వచ్చే భాగం నక్షత్రానికి అడ్డంగా ఉండి వెలుగుని మింగుతుంది, మన వైపు వస్తోంది కాబట్టి ఆ మింగుడు నీలం వైపుకి జరుగుతుంది, పక్కల నుంచి వచ్చే వెలుగు శిఖరంగా కనపడుతుంది. ఏ నక్షత్రంలో ఈ ఆకారం కనపడినా పీ సిగ్ని ప్రొఫైల్ అనే అంటాం. మావాడు పుస్తకంలో వందసార్లు చూసుంటాడు, అయినా తెర మీద లైవ్‌లో గీసుకుంటూ వచ్చేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ వయసులో నేనూ అంతే అనుకోండి.

ఇక సిగ్నస్ ఓబీ2 (హంస రాశిలోనే ఒక వేడి నక్షత్రాల గుంపు) నంబర్ 12. ఇదొక విచిత్రం. మన గెలాక్సీలో తెలిసిన అతి ప్రకాశవంతమైన నక్షత్రాల్లో ఒకటి, బి టైపు, అంటే నిజంగా నీలంగా ఉండాల్సింది, కానీ మనకీ దానికీ మధ్యలో ధూళి ఎంతుందంటే వెలుగు పది మాగ్నిట్యూడ్లు (వెలుగు కొలిచే మెట్లు, అంకె పెరిగితే వెలుగు తక్కువ) తగ్గిపోయింది. అంటే పది వేల వంతుల్లో ఒక వంతు చేరుతోంది. ధూళి నీలాన్ని ఎక్కువ మింగుతుంది కాబట్టి పాపం ఆ నీలి నక్షత్రం ఎర్రగా కనపడుతుంది. దీనికి ఎరుపు వైపు స్పెక్ట్రమ్ బాగా వచ్చింది, నీలం వైపు ఏం లేదు, ఒట్టి నాయిస్. టైపులు నిర్ణయించే గీతలన్నీ నీలం వైపే ఉంటాయి కాబట్టి ఇలాంటి వాటి దగ్గరే కేటలాగ్ ఇరుక్కుంటుంది. గెలాక్సీ తలంలో ధూళి వెనకాల ఇంకెన్ని దాక్కున్నాయో. రంగు చూసి నీలి నక్షత్రాలని ఏరుకుందాం అనుకునేవాళ్లకి ఇది మంచి మందు.

మంగళవారం

మధ్యాహ్నం రెండింటికి లేచాం. రాత్రంతా పెర్సియస్ రాశి. నవంబర్‌లో అర్ధరాత్రికి పెర్సియస్ జంట గుచ్ఛం ఉత్తరం వైపు అరవై డిగ్రీల ఎత్తుకి వస్తుంది, దాని చుట్టూ బి సూపర్‌జెయింట్లు ఎన్ని ఉన్నాయో. అన్నీ ఇంచుమించు ఒకే దూరం, ఒకే మేఘంలోంచి పుట్టినవి, కాబట్టి పోల్చుకోడానికి ఇంతకన్నా మంచి చోటు ఉత్తరాకాశంలో తక్కువ.

ఒక్కో దానికీ పది నుంచి ముప్పై నిమిషాలు ఎక్స్‌పోజర్. ఆ ఖాళీలో నేను అంతకు ముందు తీసినది తెర మీద పెట్టి మావాడికి టైపు కట్టడం నేర్పించా. ఇది కంప్యూటర్ చెయ్యలేదా అంటే చేస్తుంది, చేయించాలి కూడా, కానీ ముందు కన్ను తయారవ్వాలి, లేకపోతే కంప్యూటర్ ఎక్కడ బోల్తా కొట్టిందో పట్టుకోలేం.

ఎలాగంటే, 4552 ఆంగ్‌స్ట్రమ్ (తరంగదైర్ఘ్యం కొలత) దగ్గర సిలికాన్ గీత ఒకటుంది, రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న సిలికాన్‌ది. 4089 దగ్గర ఇంకోటి, ఇది మూడు పోగొట్టుకున్నది. నక్షత్రం వేడి ఎక్కువుంటే 4089 బలంగా ఉంటుంది, చల్లబడుతున్న కొద్దీ 4552 దాన్ని దాటిపోతుంది. రెండిటి లోతుల నిష్పత్తి చూస్తే బి0, బి0.5, బి1 ఇలా మెట్లు చెప్పొచ్చు. ఇంకా చల్లటి వాటికి ఈ రెండు సిలికాన్ గీతలూ పని చెయ్యవు, 4471 దగ్గర హీలియం, 4481 దగ్గర మెగ్నీషియం, ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. బి2, బి3 లో హీలియందే పైచెయ్యి, బి8 దగ్గరికొచ్చేసరికి రెండూ సమానం అవుతాయి, ఆ తర్వాత మెగ్నీషియం గెలుస్తుంది.

సూపర్‌జెయింట్ అని ఎలా తెలుస్తుంది మరి? హైడ్రోజన్ గీతల వెడల్పు. మామూలు బి నక్షత్రం వాతావరణం బాగా ఒత్తిడిగా ఉంటుంది, పక్క అయాన్ల విద్యుత్ క్షేత్రాలు హైడ్రోజన్ స్థాయిల్ని చెదరగొట్టి గీతని ఇటూ అటూ సాగదీస్తాయి. సూపర్‌జెయింట్ ఉబ్బిపోయి ఉంటుంది, గురుత్వం తక్కువ, వాతావరణం పల్చన, గీత సన్నగా ఉంటుంది. ఈ మధ్య ఐకాబ్ వాళ్లు దీన్నే ఒక చిన్న అంకెగా మార్చారు: హెచ్-బీటా అనే హైడ్రోజన్ గీత లోతులో ముప్పాతిక దగ్గర వెడల్పెంతో, పావు దగ్గర వెడల్పెంతో కొలిచి ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్యడం. నక్షత్రం వేగంగా తిరిగితే గీత మొత్తం వెడల్పవుతుంది కానీ ఆ తేడా పెద్దగా మారదు, గురుత్వం మారితే మారుతుంది. మోడల్ అక్కర్లేదు, పెద్ద లెక్క అక్కర్లేదు. ఇంత సింపుల్ ఐడియా ఎవరికీ ముందే ఎందుకు రాలేదా అని నాకు కొంచెం ఈర్ష్య.

అసలు ఈ సన్నగీతల సంగతి మొదట పట్టుకున్నది ఆంటోనియా మోరీ. 1897లో హార్వర్డ్‌లో ప్లేట్లు చూస్తూ, ఒకే టైపులో కొన్నిటికి గీతలు చాలా పదునుగా ఉన్నాయని వాటికి విడిగా సి అని గుర్తు పెట్టింది. అది ఆమె కళ్లకి తప్ప ఎవరికీ ముఖ్యం అనిపించలేదు, ఆ తర్వాత అనీ జంప్ క్యానన్ 2,25,300 నక్షత్రాలకి టైపులు కట్టిన హెన్రీ డ్రేపర్ కేటలాగ్‌లో ఆ తేడాని పక్కన పెట్టేశారు. ఆ కేటలాగ్ కన్నా ముందే, 1905లో, హెర్ట్జ్‌స్ప్రంగ్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆ సి గుర్తున్న నక్షత్రాలు ఆకాశంలో దాదాపు కదలట్లేదని, అంటే చాలా దూరంలో ఉన్నాయని, అంత దూరం నుంచి ఇంత వెలుగుగా కనపడుతున్నాయంటే విపరీతమైన ప్రకాశం ఉండాలని తేల్చాడు. 1943లో మోర్గన్, కీనన్, కెల్మన్‌ల స్పెక్ట్రమ్‌ల అట్లాస్ వచ్చాక గానీ ప్రకాశ తరగతి అనేది టైపులో అధికారికంగా చేరలేదు. మోరీ రాసిన ఆ ఒక్క అక్షరం వెనకాల ఎంత కథ ఉందో చెప్తుంటే మావాడు "అక్కా, ఇది మన క్లాసులో ఎవరూ చెప్పలేదే" అన్నాడు. చెప్పరు నాన్నా.

రాత్రి మూడింటికి ఒక దాని దగ్గర మాకు గొడవ. లిస్టులో బి1 అనుంది. నాకు 4089 ఇంకా గట్టిగానే కనపడుతోంది, బి0.7 అన్నా. వాడు కాదు, కంటిన్యుయం (గీతలు లేని చోట వెలుగు మట్టం) సరిగ్గా గియ్యలేదు మీరు, అక్కడ కొంచెం కిందికి లాగితే బి1 వస్తుంది అన్నాడు. లాగి చూశాం, సగం సగం. చివరికి బి0.7 రాసి పక్కన కోలన్ పెట్టాం. టైపు పక్కన రెండు చుక్కలు ఉంటే అనుమానంగా ఉందని అర్థం, ఈ రంగంలో అందరికీ తెలిసిన గుర్తు. ఆ కోలన్ వాడే పెట్టాడు, ఓడిపోలేదన్నట్టు.

బుధవారం

తేమ. పొద్దున్నుంచీ మేఘాల మూత పైకి పైకి జరుగుతూ వచ్చి సాయంత్రానికి కొండనే కప్పేసింది. తేమ 90 శాతం దాటితే డోమ్ తెరవకూడదు, అద్దం మీద నీరు పడితే అంతే సంగతులు. మా డిస్‌ప్లేలో 97, 98, మళ్లీ 97. పన్నెండింటి దాకా పది నిమిషాలకోసారి ఆ అంకె చూస్తూ కూర్చున్నాం. పోనీ ఇది మేలు, 2021లో ఈ దీవిలోనే దక్షిణాన అగ్నిపర్వతం పేలినప్పుడు దాదాపు మూడు నెలలు బూడిద ఎగిరింది, ఇక్కడ టెలిస్కోపులు అప్పుడప్పుడూ మూసుకుని కూర్చోవాల్సొచ్చింది.

ఖాళీ రాత్రి కాబట్టి మాటలు ఎక్కువ. ఈ కేటలాగులు ఎవరు వాడతారక్కా, అందరూ జేమ్స్ వెబ్ అనీ బ్లాక్ హోల్స్ అనీ పోతుంటే, అన్నాడు వాడు. సందేహం నిజమైనదే. నేను సాండులీక్ కథ చెప్పా.

నికొలస్ సాండులీక్ అని ఒకాయన 1960ల చివర్లో చిలీ నుంచి పెద్ద మేజెల్లానిక్ మేఘాన్ని (మన పక్కనున్న చిన్న గెలాక్సీ) ఫోటో తీశాడు, టెలిస్కోప్ ముందు పెద్ద ప్రిజమ్ పెట్టి, అప్పుడు ప్రతి చుక్కా ఫోటోలో చిన్న స్పెక్ట్రమ్‌గా సాగుతుంది. ఆ ప్లేట్లలోంచి ప్రకాశవంతమైన నక్షత్రాలని ఏరి 1970లో లిస్టు వేశాడు. ఆకాశ అక్షాంశం మైనస్ 69 డిగ్రీల పట్టీలో 202వ నంబర్ ఒక నీలి సూపర్‌జెయింట్, 12వ మాగ్నిట్యూడ్, బి3. ఎవరికీ ప్రత్యేకంగా అక్కర్లేని చుక్క. 1987 ఫిబ్రవరిలో సరిగ్గా ఆ చోటే సూపర్‌నోవా పేలింది, దాదాపు 400 ఏళ్లలో మనకి ఇంత దగ్గరగా కనపడ్డది అదే. పేలింది ఎవరబ్బా అని అందరూ పాత లిస్టులు తిరగేశారు. మొదట్లో అల్ట్రావయొలెట్ ఉపగ్రహం డేటాలో నీలి నక్షత్రం ఇంకా అక్కడే ఉన్నట్టు కనపడి గందరగోళం అయింది. తర్వాత అవి పక్కనున్న వేరే రెండు నక్షత్రాలని, 202 నంబర్ మాయమైందని తేలింది.

అప్పటిదాకా పాఠ్యపుస్తకాల లెక్క ఏంటంటే పేలేవి ఎర్ర సూపర్‌జెయింట్లు. నీలిది పేలడం ఏంటి? దానికి ఈరోజుకీ బలంగా వినిపించే జవాబు, అది ఒక నక్షత్రం కాదు, రెండు కలిసిపోయి ఒకటైంది అని. ఈ ఆలోచన ఇప్పుడు మళ్లీ ముందుకొచ్చింది. 2024లో ఒక పేపర్ వచ్చింది, పెద్ద మేజెల్లానిక్ మేఘంలో 59 బి సూపర్‌జెయింట్లని తీసుకుని, జంటలు కలిసిపోతే ఎలాంటి నక్షత్రాలు వస్తాయో మోడళ్లు కట్టి పోల్చారు, చాలా వాటికి సరిపోయింది. అసలు ఈ ఆలోచన ఎందుకు కావాల్సొచ్చిందంటే, బి సూపర్‌జెయింట్లు ఉండాల్సిన వాటికన్నా ఎక్కువ ఉన్నాయి. ఒంటరి నక్షత్రం పెరిగే లెక్క ప్రకారం కేంద్రంలో హైడ్రోజన్ అయిపోయాక నీలం నుంచి ఎరుపుకి చాలా తొందరగా దాటిపోవాలి, మధ్యలో ఖాళీగా కనపడాలి. ఆకాశంలో చూస్తే ఆ ఖాళీలో జనం నిండుగా ఉన్నారు.

"అంటే మనం లెక్కపెట్టే ప్రతి నక్షత్రం ఆ గొడవలో ఒక ఓటన్నమాట," అన్నాడు. అదీ ఒక రకంగా నిజమే కానీ ఓటు చెల్లాలంటే దొంగ ఓట్లు తీసెయ్యాలి ముందు. లిస్టులో సూపర్‌జెయింట్ అని రాసున్న వాటిలో కొన్ని చుట్టూ డిస్క్ ఉన్న బి-ఇ నక్షత్రాలు, కొన్ని రెండు నక్షత్రాల వెలుగు కలిసి ఒక్కటిగా కనపడేవి. రెండోవి పట్టుకోవాలంటే ఒకే నక్షత్రాన్ని రోజుల తేడాతో, నెలల తేడాతో మళ్లీ మళ్లీ తీసి గీతలు ఇటూ అటూ జరుగుతున్నాయా చూడాలి. మా లిస్టులో సగం పైగా రిపీట్లే.

గురువారం

తెల్లారేసరికి మేఘం కిందికి దిగిపోయింది, మధ్యాహ్నం అంచు దాకా నడిచి కల్దేరా (కొండ మధ్యలోని పెద్ద గొయ్యి) లోపలికి తొంగి చూశాం. నిట్టనిలువు గోడలు, అడుగున మేఘం. మనిషంటే భయం లేని కాకులు మా చేతుల వైపే చూస్తున్నాయి. రాత్రి గాలి బాగా ఉంది, సెకనుకి 20 మీటర్లు దాటితే మూసెయ్యాలి, 15, 16 దగ్గర ఆడుతోంది. గాలికి ఎదురుగా టెలిస్కోప్ తిప్పొద్దన్నారు కాబట్టి ఉత్తరం వదిలేసి దక్షిణానికి, అంటే ఓరియన్‌కి. మాకు కావాల్సిందీ అదే.

ముందు పక్కనే ఉన్న కృత్తికలు, మన పిల్లలకోడి. వాటిలో అట్లాస్ అని ఒకటి బి8 టైపు. దాని తర్వాత వెంటనే రైజెల్, అదీ బి8, కానీ సూపర్‌జెయింట్. ఇద్దరినీ ఒకే తెర మీద ఒకదాని మీద ఒకటి వేసి చూపించా. అట్లాస్ హైడ్రోజన్ గీత అంత వెడల్పున పరుచుకుని ఉంది, మెగ్నీషియం గీత వేగంగా తిరగడం వల్ల నిస్సారంగా సాగిపోయి కంటిన్యుయంలో కలిసిపోతోంది. రైజెల్‌వి అన్నీ పదునుగా నిలబడ్డాయి, 4128, 4130 దగ్గర సిలికాన్ జంట విడివిడిగా లెక్కపెట్టేలా. టెంపరేచర్ ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే, పన్నెండు పదమూడు వేల డిగ్రీలు. కానీ రైజెల్ వ్యాసం సూర్యుడికి డెబ్బై ఎనభై రెట్లు. ఇలా ఒక జంటని పక్కపక్కన చూస్తే చాలు, మోరీ సి అని ఎందుకు రాసిందో ఎవరూ వివరించక్కర్లేదు. రైజెల్‌కి ఎక్స్‌పోజర్ ఎంతో తెలుసా, కొన్ని సెకన్లు. బటన్ నొక్కి కాఫీ కప్పు అందుకునేలోపు అయిపోయింది, డిటెక్టర్ చదివి డిస్క్‌లో రాయడానికే అంతకన్నా ఎక్కువ సేపు పట్టింది.

ఓరియన్ నడుం దగ్గర మూడు చుక్కల్లో మధ్యది ఎప్సిలాన్ ఓరియానిస్, అల్నిలమ్. బి0 వన్-ఏ (వన్-ఏ అంటే బాగా ప్రకాశవంతమైన సూపర్‌జెయింట్ల తరగతి), బి0 సూపర్‌జెయింట్‌కి ఇదే కొలబద్ద, మా టైపులన్నీ దీంతో పోల్చి కట్టేవే. 27 వేల డిగ్రీల చుట్టూ. దీని హెచ్-ఆల్ఫా, అంటే ఎరుపులో వచ్చే హైడ్రోజన్ గీత, ఎమిషన్‌లో ఉంది, గాలి జోరుగా వీస్తోందన్నమాట. ఈ స్థాయి నక్షత్రాలు పది లక్షల ఏళ్లకి ఒక సూర్యుడంత పదార్థం గాలిలో పోగొట్టుకోగలవు.

ఆ పక్కది డెల్టా. ఇది మా లిస్టులోది కాదు, నా సరదా. 1904లో హార్ట్‌మన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు దీని స్పెక్ట్రమ్‌లో గీతలన్నీ జంట నక్షత్రం కాబట్టి ఇటూ అటూ ఊగుతుంటే, కాల్షియం గీత ఒక్కటి మాత్రం కదలకుండా ఉందని గమనించాడు. అది నక్షత్రానిది కాదు, దారి మధ్యలో ఉన్న వాయువుది. నక్షత్రాల మధ్య ఖాళీ ఖాళీ కాదని స్పెక్ట్రమ్ చెప్పిన మొదటి కబురు అది. మా ప్రతి ఫైల్లోనూ ఆ కాల్షియం, సోడియం గీతలు ఉంటాయి, ఇంకా 4428, 5780 దగ్గర ఏ అణువు వల్ల వస్తున్నాయో ఇప్పటికీ తేలని పట్టీలు. సూపర్‌జెయింట్ల కోసం తీసిన డేటాని ధూళి మీద పనిచేసేవాళ్లు అడిగి తీసుకెళ్తుంటారు, మేము వాటిని చెత్త అనుకుని తీసేస్తాం, వాళ్లు మా నక్షత్రాన్ని తీసేస్తారు.

ఐదింటికి శునక రాశిలో అలూడ్రా, బి5. దక్షిణాన కిందకే ఉంటుంది, ముప్పై డిగ్రీల ఎత్తు దాటి పెద్దగా రాదు, సన్నటి ధూళి ఏదో ఉంది అక్కడ, సిగ్నల్ కొంచెం తక్కువ వచ్చింది.

శుక్రవారం

ఆఖరి రాత్రి. గాలి లేదు, తేమ పది శాతం, సీయింగ్ (గాలి అలజడి తక్కువుండి చుక్క పదునుగా కనపడటం) బాగుంది, ఇలాంటి రాత్రి వారం మొత్తంలో ఇదొక్కటే దొరికింది. ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు, లిస్టులో మిగిలినవి ఒకదాని వెనక ఒకటి కొట్టుకుంటూ పోయాం: కాసియోపియా, కేమిలోపార్డాలిస్, పెర్సియస్ రిపీట్లు, ఆరిగా. వెలుగు తక్కువున్న తొమ్మిదో మాగ్నిట్యూడ్ వాటికి అరగంట చొప్పున. ఆ మధ్యలో నేను ఇప్పటిదాకా తీసినవాటికి రఫ్‌గా టెంపరేచర్లు వేసి గ్రాఫ్ గీశా. మావి చాలా తక్కువ, దీంతో ఏదీ తేలదు, కానీ ఐకాబ్ పెద్ద సాంపుల్‌లో ఒక ముచ్చటైన విషయం బయటపడింది: సుమారు 21 వేల డిగ్రీల కన్నా చల్లటి వైపుకి వెళ్లేసరికి నక్షత్రాల సంఖ్య గబుక్కున పడిపోతుంది, వేగంగా తిరిగేవి కూడా అక్కడి నుంచి దాదాపు కనపడవు. బహుశా హైడ్రోజన్ మండటం ముగిసే గీత అక్కడే ఉందేమో అని వాళ్లు రాశారు. అది నిజమైతే మన మోడళ్లలో ఆ గీత చాలా వాటిల్లో వేరే చోట ఉంది, నక్షత్రం లోపల పొరలు కలిసే లెక్కలు మళ్లీ చూసుకోవాలి. నాకైతే నమ్మబుద్ధేస్తోంది, కానీ ఆ చల్లటి వైపు ఉన్నవాటిలో ఎన్ని కలిసిపోయిన జంటలో తేలేదాకా పందెం కాయను.

విలియం హెర్షెల్ మీద ఇప్పుడు వీవ్ అనే పరికరం ఉంది, ఒకేసారి వెయ్యి దాకా ఫైబర్లు. మేము ఒక్కో నక్షత్రం వెనకాల పడుతుంటే ఆ డోమ్ ఒక్క ఎక్స్‌పోజర్‌లో వందలు తీసేస్తోంది. మావాడు కిటికీలోంచి అటే చూస్తూ మన పని ఇంకెన్నాళ్లులే అన్నాడు. వాటికి టైపులు కట్టాలంటే కొలబద్దలు ఎక్కణ్నుంచి వస్తాయి మరి, మనం తీసే ఈ వెలుగున్నవాటి నుంచే కదా, అన్నా. వాడు తలూపాడు కానీ ఒప్పుకున్నట్టు లేదు.

ఆరున్నరకి తూర్పు తెల్లబడుతోంది. మసక నక్షత్రాలకి ఇక పని జరగదు, వెలుగున్నది ఏదైనా ఒకటి తీసి మూసేద్దాం అనుకుని పడమట వాలిపోతున్న రైజెల్ మీద పెట్టాం. వచ్చింది. అలవాటుగా గురువారం దాని మీద వేసి చూశాడు వాడు. నీలం గీతలన్నీ అచ్చం ఒకటే. హెచ్-ఆల్ఫా మాత్రం వేరు. మొన్న ఎరుపు వైపు చిన్న గుబ్బలా ఉన్న ఎమిషన్ ఈరోజు తగ్గింది, నీలం వైపు కొంచెం పూడుకుంది. గాలిలో ఏదో గడ్డ జరిగిందో, తిరుగుతూ వేరే వైపు మనకి ఎదురొచ్చిందో. ఈ జాతి నక్షత్రాలు ఇలా రోజుల్లోనే మారతాయని తెలిసిందే, 1990ల్లో రైజెల్ మీదే నెలల తరబడి కాపలా కాసి పేపర్లు రాశారు. తెలిసినా సరే.

"కేటలాగ్‌లో ఏది పెట్టాలక్కా?"

"రెండూ పెట్టు. టైమ్ సెకన్లతో సహా రాయి."

"టైపు పక్కన?"

"బి8 వన్-ఏ. దానికి కోలన్ అక్కర్లేదు."

థోరియం దీపం ఇంకోసారి వేసి డోమ్ మూశాం. కారు తొమ్మిదింటికి, ఇంకా ఫైళ్లు కాపీ అవుతూనే ఉన్నాయి.